కొర్రమట్ట గుటక

చేపల గురించి రేడియోలో మాట్లాడతానంటే మా ఇంట్లో నవ్వారు. చేపను చూస్తారు, తూకం వేయిస్తారు, పులుసు పెడతారు, అందులో వినడానికేముంది అన్నారు. నిజమే కదా అనుకున్నాను. మొన్న రాత్రి కరెంటు పోయింది. హాల్లో చేపల తొట్టి పంపు బుర్రుమనడం ఆగింది, ఫ్యాన్ ఆగింది, వీధిలో టీవీలన్నీ ఒక్కసారే నోరు మూశాయి. ఆ నిశ్శబ్దంలో పెరటి వైపు నుంచి ఒక చప్పుడు వచ్చింది. గుటుక్. ఎవరో చీకట్లో నిలబడి ఒక్క గుక్క నీళ్లు తాగి చెంబు పక్కన పెట్టినట్టు. కాసేపటికి మళ్లీ గుటుక్.

అది మా కొర్రమట్ట, అదే కొర్రమీను. నీళ్ల పైకి వచ్చి గాలి మింగి పోతుంది. దాని కథ చెబుతాను, కానీ దానికంటే ముందు మత్తడి దగ్గరికి వెళ్లాలి.

మాది సిద్దిపేట. కోమటి చెరువు పేరు మీరు వినే ఉంటారు. ఇప్పుడక్కడ వేలాడే వంతెన ఉంది, సాయంత్రమైతే పిల్లాజెల్లా అంతా అక్కడే. నేను చెప్పే చెరువు అది కాదు. ఊరి బయట దీపాలూ లేవు, బెంచీలూ లేవు, అలాంటి మామూలు చెరువు. కట్ట, తూము, మత్తడి. కోస్తా వైపు శ్రోతలు అలుగు అంటారు, మేం మత్తడి అంటాం. చెరువు నిండి నీళ్లు పొర్లితే మత్తడి దుంకుతోంది అంటాం. అది దుంకిన రోజు ఊరికి పండుగ. ఆ నీళ్లు ఒర్రెలో పడి ఉరుకుతుంటే కింద నుంచి చేపలు ఎదురెక్కుతాయి. వేళ్లంతేసి చేపలు, నురగలోంచి ఎగిరి రాయికి కొట్టుకుని కింద పడి, మళ్లీ ఎగురుతాయి. గుడ్లు పెట్టడానికి వాటికి కొత్త నీళ్లలో మునిగిన గడ్డి కావాలి. అది పైన ఉంటుందని వాటికి ఎవరూ చెప్పరు. ప్రవాహం ఎటునుంచి వస్తే అటే పోతాయి.

కొన్నేళ్ల క్రితం అట్లా మత్తడి దుంకిన రోజున నలుగురు పిల్లలు ఒక చున్నీని నాలుగు మూలలా పట్టుకుని ఒర్రెలో నిలబడ్డారు. పక్కన గట్టు మీద, సగానికి కోసిన రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా. అందులో ఓ పాతిక చేపలు.

"పరిగెలు సార్. ఇరవై రూపాయలు. తీస్కుంటవా?"

సీసాను ఎండకు ఎత్తి చూశాను. అప్పటిదాకా పరిగె అంటే నాకు వేపుడే. చింతచిగురుతో వండితే ఇంకా బాగుంటుందని తెలుసు, అంతే. ఒక్కోటి విడిగా చూస్తే పరిగెలన్నీ ఒకటి కావు. ఒకదానికి తోక మొదట్లో కాటుక చుక్క, వీపు రెక్క మొదట్లో ఇంకో మచ్చ. ఇంకోదానికి మొప్ప వెనక ఒక చుక్క, తోక దగ్గర ఒక చుక్క. మరొకటి సన్నగా పొడుగ్గా ఉంది, కంటి నుంచి తోక దాకా స్కేలు పెట్టి గీసినట్టు నల్ల గీత. ఒకదానికి మీసాలు మరీ విచిత్రం, ఒంట్లో సగం దాకా వెనక్కి వేలాడుతున్నాయి. అడుగున ఒక అద్దం చేప. దాని ఒంట్లోంచి అవతల నా బొటనవేలి గీతలు కనిపించాయి. వెన్నెముక, దాని కింద వెండి సంచిలాంటి పొట్ట, అంతా బయటికే.

మా హాల్లో అప్పటికి రెండడుగుల గాజుతొట్టి ఒకటి ఖాళీగా ఉంది. గోల్డ్ ఫిష్ చనిపోయాక మూలన పెట్టింది. ఏడు చేపలను ఎంచుకుని తెచ్చాను. నల్లా విప్పి తొట్టి నింపాను, చేపలను వదిలాను. తెల్లారి చూస్తే ఏడూ పైకి తేలాయి.

వాటిని నేనే చంపాను. తాగే నీళ్లలో క్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారు, కలపాలి కూడా. అది చేప మొప్పను కాలుస్తుంది. ఆ నీళ్లను వెడల్పాటి బకెట్లో ఒక రోజు ఎండలో ఉంచితే సరిపోయేది. లేదంటే పాత ఫొటో స్టూడియోల్లో వాడే హైపో పలుకులు రెండు వేసినా పని అయ్యేది. రెండో తప్పు ఇంకా పెద్దది. చేప విసర్జించే అమ్మోనియా చేపకే విషం. చెరువులో ఆ విషాన్ని విరిచే బ్యాక్టీరియా రాయి మీదా, మట్టిలోనా, నాచు మీదా కోట్లలో ఉంటుంది. ఒక జాతి అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, ఇంకో జాతి ఆ నైట్రైట్‌ను పెద్దగా హాని లేని నైట్రేట్ చేస్తుంది. కొత్త తొట్టిలో ఆ కాపురం కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కడిగి తళతళలాడించిన తొట్టి మన కంటికి శుభ్రం, చేపకు శ్మశానం.

ఇది నాకు చెప్పింది పుస్తకం కాదు, చెరువు మీద వల వేసే ఒక పెద్దాయన. ఆయన్ని కాకా అని పిలుస్తాను. ఆయనకు బ్యాక్టీరియా పేరు తెలియదు. "కొత్త కుండల నీళ్లు సుత చల్లగయ్యేటందుకు నాలుగొద్దులు పడ్తది గద సారూ. గీ అద్దాల డబ్బకు సుత పట్టదా?" అన్నాడు. చెరువు అడుగు నుంచి గుప్పెడు గులకరాళ్లు, నాలుగు కాడల నాచు తీసి ఇచ్చాడు. వాటితోనే ఆ బ్యాక్టీరియా వచ్చింది. తొట్టి నెల రోజులు ఖాళీగానే నడిచింది. మా ఆవిడ రాళ్లకు కరెంటు బిల్లు కడుతున్నాం అంది.

ఇంకో మాట కూడా ఆయనే చెప్పాడు. చెరువు చేపల మీద హక్కు మత్స్యకార సంఘానిది. అడగకుండా పట్టడం, ఒకరి జామతోటలోకి దూరి కాయలు తెంపుకోవడం ఒకటే. మేం బతికేది దీని మీదనే, మీరు అడిగితే దోసెడు పరిగెలకు ఎవ్వరూ కాదనరు అన్నాడు. అప్పట్నుంచి ప్రతిసారీ అడిగే తెస్తున్నాను. ఇప్పటిదాకా ఆయన డబ్బు తీసుకోలేదు, టీ మాత్రం తాగాడు.

దుకాణంలో వంద రూపాయలకు రంగురంగుల చేప దొరుకుతుంటే ఈ బూడిదరంగు పరిగెల వెంట ఎందుకు పడ్డావని అడుగుతారు. ఒక సంగతి చెబుతాను. ఇప్పుడు ఏ అక్వేరియం దుకాణానికి వెళ్లినా నీలి గీతల జీబ్రా చేప కనిపిస్తుంది. చూసినవాళ్లు విదేశీ చేప అనుకుంటారు. అది మన దేశపు వాగుల చేప, వరి మళ్ల చేప. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో 1822లో దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. నూటయాభై ఏళ్ల తర్వాత అమెరికాలో ఆరెగన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ దాన్ని ప్రయోగశాలలోకి తెచ్చాడు. గుడ్డులోంచి పిల్ల తయారవడం మొత్తం బయటికే కనిపిస్తుంది కాబట్టి. 2013లో దాని జన్యుపటం మొత్తం అచ్చయింది. మనిషి జన్యువుల్లో 70 శాతానికి దాంట్లో జోడీ ఉందని తేలింది. అదే చేపకు వెలిగే జన్యువు ఎక్కించి 2003 నుంచి అమెరికాలో పెంపుడు చేపగా అమ్ముతున్నారు. నేను చెప్పిన అద్దం చేప గతి ఇంకా అన్యాయం. దాని ఒంటికి సూదితో రంగు ఎక్కించి గులాబీ, ఆకుపచ్చ చేపలుగా అమ్మిన వ్యాపారం ఉంది. ఏ రంగూ లేకపోవడమే దాని గొప్ప, ఆ గొప్పకే సూది పొడిచారు.

మా తొట్టిలో పరిగెకు రంగు లేదనుకున్నాను, అదీ తొందరపాటే. భయం పోయి, తోకపురుగులు తిని, రెండు నెలలు కుదురుకున్నాక ఒక తొలకరి పొద్దున చూస్తే మగదానికి పక్కల పొడుగునా ఎర్రటి చార వచ్చింది, పెళ్లికొడుకు కండువాలాగా. బయట వాన పడుతోంది. అది హాల్లో గాజు వెనక ఉంది. ఎలా తెలిసిందో మరి. ఆ చార ఓ పది రోజులుండి పోయింది. పట్టి చున్నీలోంచి తీసినప్పుడు ఈ చేప ఆ రంగు చూపదు, ప్రాణభయంలో అన్నీ బూడిదే.

తోకపురుగులంటే దోమపిల్లలే. మేడ మీద ఒక తొట్టిలో వాననీళ్లు పెట్టి వాటిని పెంచుతానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు, అది న్యాయమే. డెంగీ రోజుల్లో దోమలను సాదేవాడిని ఊళ్లో ఎవరూ మెచ్చరు. కాబట్టి ఎర్రలు, అవే వానపాములు, తరిగి వేస్తాను. దుకాణం గుళికలను చెరువు చేప మొదటి వారం తిండి అనే అనుకోదు. ఎర్ర ముక్కల మధ్య ఒకటి రెండు వేస్తూ అలవాటు చేయాలి.

చెరువు నుంచి వచ్చిన చేప చుట్టాలను కూడా తెస్తుంది. చేప పేను ఉంటుంది, కందిగింజలో సగముండి ఒంటికి అతుక్కుని పాకుతుంది. దారంలాంటి పురుగు ఉంటుంది, తల కండలోకి దించి తోక బయట వదిలేస్తుంది. వీటికంటే భయపడాల్సింది పుండ్ల రోగం. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో మొదటిసారి కనిపించి, తర్వాత ఏళ్లలో దేశమంతా పాకింది. కొర్రమీనును, పరిగెను బాగా దెబ్బతీసింది. ఒక బూజు కండలోకి దిగి ఎముక దాకా తింటుంది. అందుకే కొత్త చేపను మూడు నాలుగు వారాలు వేరే టబ్బులో ఉంచుతాను. లీటరుకు మూడు గ్రాముల లెక్కన కల్లుప్పు వేస్తాను, అయోడిన్ కలిపిన సన్నుప్పు కాదు. జెల్లలాంటి పొలుసు లేని చేపకు ఉప్పు కూడా తగ్గించాలి.

జెల్ల మాట వచ్చింది కాబట్టి రేడియోకు పనికొచ్చే ఇంకో సంగతి. జెల్లను గుప్పిట్లో పట్టుకుంటే కిర్రుమంటుంది. అరుపు కాదు, పక్క ముల్లును దాని కీలులో రాపిడి చేసి తీసే చప్పుడు. పాత తలుపు బందు చప్పుడు లాంటిది. అది విన్నాక వదిలెయ్యాలి. నేను వదల్లేదు. ఆ ముల్లు దిగిన చెయ్యి రెండు రోజులు గుంజింది.

ఇక కొర్రమట్ట.

కొర్రమీనును తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ప్రకటించింది. మృగశిర నాడు, మేం మిరుగం అంటాం, హైదరాబాదులో బత్తిని వారు ఇచ్చే చేప ప్రసాదంలో వాడేది కూడా కొర్రమీను పిల్లనే. ఆ మందు సంగతి నాకొద్దు, పిల్ల సంగతి చెబుతాను. కొర్రమీనుకు మొప్పల పైన గాలి గదులుంటాయి. అందుకే గంపలో తడిగుడ్డ కింద గంటల తరబడి బతికి ఉంటుంది, అంగట్లో తాజాదనానికి రుజువు అడగక్కర్లేదు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. పెద్ద కొర్రమీనుకు నీటిలోని ఆక్సిజన్ ఒక్కటే చాలదు. పైకి రానివ్వకుండా నీళ్లలోనే అణచిపెడితే మునిగి చస్తుంది. అవును, చేప మునిగి చస్తుంది.

వానాకాలం మొదట్లో చెరువు అంచున తుంగ మధ్య నీళ్ల మీద ఎర్రగా, ఎవరో దోసెడు కుంకుమ పోసినట్టు కనిపిస్తుంది. దగ్గరికెళితే ఆ కుంకుమ కుతకుత ఉడుకుతుంటుంది. అవి కొర్రమట్ట పిల్లలు, కొన్ని వందలు. గాలి కోసం ముద్దగా పైకి వస్తాయి, ముద్దగా దిగుతాయి. కింద తల్లీ తండ్రీ కాపలా తిరుగుతుంటాయి. కప్ప వచ్చినా, పాము వచ్చినా మీదికి దూకుతాయి. గాలం వేసేవాళ్లకు ఇది తెలుసు. పిల్లల ముద్దలో కప్పను ఆడిస్తారు. తల్లి తిండి కోసం కాదు, కోపంతో కరుస్తుంది, అట్లా చిక్కుతుంది.

నేను గాలం వేయలేదు. మగ్గుతో ముంచాను. పన్నెండు పిల్లలు వచ్చాయి. చారలతో, ఎర్రగా, అగ్గిపుల్లంత. గొప్పపని చేశాననుకున్నాను. వారానికి తొమ్మిది మిగిలాయి, నెలకు నాలుగు. రోగం లేదు, శవాలూ లేవు. ఒకదాన్నొకటి తినేశాయి. రెండు నెలలకు ఒకటే మిగిలింది, పొట్ట ఉబ్బరంగా పెట్టుకుని.

కాకాకు చెబితే చాలాసేపు మాట్లాడలేదు. "తల్లి ఉన్నన్ని దినాలు అవి ఒక్కతాన తిరుగుతయి సారూ. తల్లిని ఇడగొట్టినంక గవిటికి పక్కది తమ్ముడని ఎవలు జెప్పాలె?" అన్నాడు. తల్లి లేకపోవడం వల్లే తిన్నాయా, ఇరుకు తొట్టి, ఆకలి కారణమా అని నేను వాదించవచ్చు. వాదించలేదు. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే కొర్రమీనును ఇంట్లో పెట్టకండి అనే చెబుతాను. మట్టనే సాదాలనిపిస్తే వాగు రాళ్ల కింద ఉండే చిన్న మట్ట ఉంది. జానెడు మించదు, రెక్కల అంచుకు నారింజ పట్టీ ఉంటుంది. మగది గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, అన్ని రోజులూ ఉపవాసమే. మూత మీద మాత్రం రాయి పెట్టాలి, వేలెడంత సందు ఉన్నా దూకుతుంది.

మా ఒంటరి కొర్రమట్ట ఏడాదిలో మూరెడు దాటింది. రెండడుగుల తొట్టిలో అది తిరగాలంటే ఒళ్లు వంచుకోవాలి. సరే, చెరువులో వదిలేద్దామని బకెట్లో వేసుకుని బయల్దేరాను. కట్ట ఎక్కాక ఆగాను.

ఎందుకు ఆగానో చెప్పాలంటే సక్కర్ చేప గురించి చెప్పాలి. తొట్టి గాజు నాకి శుభ్రం చేస్తుందని దుకాణంలో వేలెడంత నల్ల చేపను అంటగడతారు. దక్షిణ అమెరికాది. ఒంటి నిండా కవచం. అది అడుగున్నర పెరుగుతుంది. పెరిగాక జాలిపడి పక్కనున్న చెరువులో వదులుతారు. చంపలేదు కదా అని తృప్తి. ఇప్పుడది రెండు తెలుగు రాష్ట్రాల నీళ్లలోనూ ఉంది. వలలు చింపుతుంది, గట్టుకు బొక్కలు తవ్వి గుడ్లు పెడుతుంది. వల వేసేవాళ్లు దెయ్యం చేప అంటారు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు చేపను పట్టకుండానే, నీళ్లలో అది వదిలిన డీఎన్ఏ ఆనవాలును బట్టి తూర్పు కనుమల జలాశయాల్లో ఎక్కడెక్కడ ఉందో తేల్చారు.

వెనకట ఒక చెరువు పాడైతే ఆ ఒక్క చెరువే పాడయ్యేది. ఇప్పుడు మా జిల్లా సంగతి వేరు. 2020 ఏప్రిల్లో గోదావరి నీళ్లు రంగనాయకసాగర్‌కు వచ్చాయి, మే నెలాఖరుకు కొండపోచమ్మసాగర్‌కు ఎక్కాయి, తర్వాత 50 టీఎంసీల మల్లన్నసాగర్ నిండడం మొదలైంది. వీటి మధ్య కాలువలు, సొరంగాలు. కాలువల నుంచి చెరువులు, చెరువు మత్తడి కింద ఇంకో చెరువు. నీళ్లు వచ్చాయని సంతోషపడ్డవాళ్లలో నేనూ ఒకణ్ణి. కానీ ఒక చోట వదిలిన చేప ఇప్పుడు ఎక్కడిదాకా పోతుందో లెక్క లేదు. రోగం కూడా అంతే.

నాది ఈ చెరువు చేపే కదా అని మీరనవచ్చు. కట్ట మీద నిలబడి నేనూ అదే అనుకున్నాను. కానీ ఏడాదిపాటు అది దుకాణం నుంచి తెచ్చిన మొక్కలతో, ఒకప్పుడు గోల్డ్ ఫిష్ చచ్చిన తొట్టిలో పెరిగింది. ఏ దూర దేశపు పురుగు దాని మొప్పలో కూర్చుందో నేను చూడలేను. అక్కడే కాకా కనిపించాడు. బకెట్లోకి తొంగి చూశాడు.

"ఏం సారూ, కిలకు దగ్గర్నే ఉన్నట్టుంది. కూరకా?"

"కాదు కాకా, వదిలేద్దామని వచ్చిన. ఇప్పుడు వద్దనిపిస్తుంది."

"మరి వండుకో."

వండుకోలేకపోయాను. ప్రతి వానాకాలం పరిగెల వేపుడు తినేవాణ్ణి ఈ మాట చెబితే మీరు నవ్వుతారు, నవ్వండి. బకెట్ తిరిగి ఇంటికి తెచ్చాను. పెరట్లో మా నాయన కాలంనాటి సిమెంటు గోలెం ఉంది, ఒకప్పుడు బర్రెలకు కుడితి పెట్టేది. దాన్ని కడిగి, నీళ్లు పోసి, వారం ఆగి, తామర దుంప ఒకటి వేసి అందులో వదిలాను. నీళ్లకు, వలకు మధ్య జానెడు ఖాళీ పెట్టాను, గాలి తీసుకోవడానికి. వల మీద నాలుగు ఇటుకలు.

మొన్న కరెంటు పోయిన రాత్రికి మళ్లీ వస్తాను. మే నెల. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ పట్టు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు ఇముడుతుంది, 35 డిగ్రీలకు 7 మాత్రమే. పంపు ఆగిన గంటకు హాల్లో పరిగెలు పైకి చేరి నోళ్లు తెరిచాయి. టార్చి నోట్లో పెట్టుకుని, చెంబుతో నీళ్లు ముంచి జానెడు పైనుంచి ధారగా పోస్తూ కూర్చున్నాను. అట్లా పోస్తే గాలి కలుస్తుంది. అరగంట, ముప్పావుగంట. చెయ్యి లాగుతోంది. పెరట్లోంచి మాత్రం తీరిగ్గా, తనకేం పట్టనట్టు, గుటుక్.

కాకా నెలకోసారి ఇటువైపు వస్తాడు. గోలెం దగ్గర నిలబడి ఇటుక ఒకటి జరిపి చూస్తాడు. రెండు కిలోలుంటది అంటాడు. మొన్న వచ్చినప్పుడు వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, "మిరుగం దగ్గరవడ్డది సారూ" అన్నాడు. మా ఆవిడ వెళ్లి ఐదో ఇటుక పెట్టింది.